ఏడో అంశం

పక్షవాతం కొట్టాక అద్దాలాయన నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "రేపు."

మంచినీళ్లు కావాలా అంటే "రేపు." నొప్పెక్కడ అంటే "రేపు." కోపమొస్తే అదే మాట వార్డు దద్దరిల్లేలా, దిగులొస్తే అదే మాట గొంతు దాటీ దాటనట్టు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మిగిలిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో, ఆ ఒక్కటే ఎందుకు ఉండిపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. డాక్టరు స్కాన్ ఫిల్ముని దీపానికి ఎత్తిపట్టి, మెదడులో ఎడమవైపున్న మచ్చని వేలితో చూపించి, "కొందరికి ఇలా ఒక్క మాటే మిగిలిపోతుందమ్మా" అన్నాడు.

ఆయన భార్యకి అది మింగుడుపడలేదు. మాటలతో బతికిన మనిషాయన. కొనాలా వద్దా అని తన అద్దాల షాపు గుమ్మంలో తటపటాయించే వాళ్లని మాటల్లో పెట్టి లోపలికి లాగేవాడు. కిటికీకి అద్దం ముక్క కోసం వచ్చినవాడి చేత బీరువా తలుపుకి నిలువుటద్దం కూడా కొనిపించి పంపేవాడు. ఇంటికొచ్చినా అంతే, ఆయన చెప్పడం, ఈవిడ ఊ కొట్టడం. "ఆ నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వండి మహానుభావా" అని ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు. ఇప్పుడు మంచం పక్కన ఇనపస్టూలు మీద కూర్చుని, ఆ నోరు ఇంకో మాట కోసం ఎప్పుడు తెరుచుకుంటుందా అని కళ్లప్పగించి చూస్తోంది.

తీరిగ్గా కూర్చుని ఏడిచే భాగ్యం కూడా లేదావిడకి. రోడ్డు మీది షాపు, దాని వెనక అద్దాలు కోసే షెడ్డు, బ్యాంకు ఖాతా, అన్నీ ఆయన పేరు మీదే. కొరియర్ తెచ్చినవాడి కాగితం మీద తప్ప ఆవిడ సంతకం ఎక్కడా చెల్లదు. బ్యాంకు ఆఫీసరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మర్యాదగానే చెప్పాడు. "మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఖాతా ఆయనది. ఆయన సంతకం కావాలి. లేదా ఆయన తరఫున సంతకం పెట్టే అధికారం మీకుందని కాగితం కావాలి."

షెడ్డు ఓనరుదీ అదే పాట. నెలాఖరుకి లీజు గడువు అయిపోతోంది. పక్కనే ఉన్న టైల్సు వ్యాపారి ఆ షెడ్డు మీద ఎప్పట్నించో కన్నేసి ఉన్నాడు. "నేనేం కసాయివాణ్ణి కాదమ్మా, మీ ఆయన నాకూ స్నేహితుడే. కానీ ఎవరి సంతకం పెట్టించుకుని రాయాలి నేను? గడువు దాటితే మాత్రం నన్నేమీ అనొద్దు" అన్నాడు ఓనరు.

అంచులు నున్నగా చేసే మెషిను ఆ షెడ్డులో నేలకి బిగించి ఉంది. దాన్ని పీకి ఇంకోచోట బిగించాలంటే తలకి మించిన పని. షెడ్డు పోతే షాపు పోయినట్టే. షాపు పోతే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ మనిషిని ఏం పెట్టి బాగుచేయాలి?

మరిది ఆవిడని లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. మరిది మంచివాడే గానీ ఒట్టి తొందర మనిషి, ఏ పనైనా అడ్డదారిలో అయితే త్వరగా అవుతుందనుకునే రకం. లాయరు అంతా విని, "రెండే దార్లున్నాయి. కోర్టుకెళ్లి మిమ్మల్ని సంరక్షకురాలిగా వేయించుకోవడం. దానికి నెలలు పడుతుంది. లేదంటే ఆయనే మీకు పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వడం. డబ్బు వ్యవహారాల్లో ఆయన బదులు మీరు సంతకం పెట్టొచ్చు" అన్నాడు.

"అదే రాయండి" అంది ఆవిడ.

"ఏమేం పెట్టమంటారు? బ్యాంకు, లీజు, పన్నులు, రావలసిన బాకీలు, పనివాళ్ల జీతాలు..." లాయరు పెన్ను ఆపి తలెత్తాడు. "మెషిన్లు, సరుకు, షాపు అమ్మే హక్కు కూడా పెట్టమంటారా?"

"పెట్టండి సార్, ఎప్పుడేం అవసరమొస్తుందో" అన్నాడు మరిది.

ఆవిడకి ఫిజియోథెరపీ, మందులు, ఇంటికి తెచ్చుకోవలసిన చక్రాల కుర్చీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. తలూపింది. అమ్మే హక్కు ఏడో అంశంగా కాగితంలోకి ఎక్కింది.

మర్నాడు నోటరీ వార్డుకి వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లద్దాలు, చేతిలో సీళ్లున్న తోలుసంచి. వచ్చీ రాగానే మంచం పక్కన నిలబడి, పేషెంటునే అడిగింది. "అయ్యా, మీ భార్యకి మీ డబ్బు వ్యవహారాలు చూసే అధికారం ఇస్తున్నారా?"

"రేపు" అన్నాడు అద్దాలాయన.

"అయితే రేపే వస్తాను" అని నోటరీ సంచి మూసేసింది.

ఆవిడ కంగారుగా అడ్డుపడింది. "అయ్యో, అది కాదమ్మా, ఆయన ఏదడిగినా అదే అంటారు. ఆ ఒక్క మాటే వస్తుంది."

నోటరీ కళ్లద్దాలు పెట్టుకుని ఆవిడ వైపు తిరిగింది. "ఏదడిగినా ఒకటే మాటంటే, నేనడిగింది ఆయనకి అర్థమైందని ఏ ధైర్యంతో రాయను? చూడమ్మా, ఈ కాగితం మీ ఇంటి తాళాలన్నీ ఒక మనిషి చేతిలో పెట్టేది. ఇచ్చే మనిషికి ఏమిస్తున్నాడో తెలియాలి, ఎవరికిస్తున్నాడో తెలియాలి, వద్దనుకున్న రోజున వెనక్కి తీసుకోవచ్చని తెలియాలి. నా కళ్లముందు తన ఇష్టంతో సంతకం పెట్టాలి. ఇద్దరు సాక్షులు అది చూడాలి. వాళ్లు చుట్టాలు కాకూడదు, ఈ కాగితం వల్ల లాభపడేవాళ్లు కాకూడదు. ఇందులో ఏది తగ్గినా నేను సీలు వెయ్యను."

"ఆయనకి అన్నీ తెలుసమ్మా. ఆ కళ్లు చూడండి."

"కళ్లు చూసి సీలు వెయ్యలేను తల్లీ" అని ఆమె వెళ్లిపోయింది. ఆ గొంతులో దురుసు లేదు. అదే ఆవిడని ఎక్కువ కుంగదీసింది. దురుసుగా మాట్లాడి ఉంటే తిట్టుకోడానికైనా ఒకరు దొరికేవారు.

మెట్ల దగ్గర మరిది గొంతు తగ్గించి అన్నాడు. "వదినా, ఈ నోటరీని పట్టుకుంటే పనవదు. కోర్టు వెనక సందులో ఒకాయన ఉన్నాడు. మనిషిని చూడడు, ప్రశ్నలడగడు. అన్నయ్య వేలిముద్ర ఉంటే చాలు, సాక్షులు కూడా ఆయన మనుషులే. మధ్యాహ్నం ఇస్తే సాయంత్రానికి కాగితం చేతిలో ఉంటుంది."

"తప్పు కదా?"

"ఎవరి సొమ్ము తింటున్నావని తప్పు? నీ మొగుడి సొమ్ముతో నీ మొగుడినే బాగుచేసుకుంటున్నావు."

నిజంగా ఎవరి సొమ్ము తింటోంది తను? ఆవిడ స్టేషనరీ షాపులో ఇంకుప్యాడు కొంది. చేతిసంచిలో వేసుకుంటే అది ఇటుకంత బరువుగా తోచింది.

భోజనాలయ్యాక వార్డంతా కునుకు తీసే వేళ. అద్దాలాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆవిడ మంచం చుట్టూ తెర లాగింది. కాగితం అట్ట మీద పెట్టి, పడిపోయిన ఆ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది. ఏళ్ల తరబడి గాజు అంచులు కోసిన గీతలు వేళ్లనిండా ఉన్నాయి. ఆ చెయ్యి ఎటు తిప్పితే అటు తిరిగింది. బొటనవేలిని ప్యాడు మీద అద్దింది. కాగితం మీదికి తెస్తూ ఎందుకో తలెత్తింది.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఆవిడనే చూస్తున్నాడు.

అరవలేదు. చెయ్యి లాక్కోలేదు, లాక్కోవడానికి ఆ చేతిలో సత్తువ లేదు కూడా. ఉన్న ఒక్క మాట కూడా అనలేదు. అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ చేతిలోంచి అట్ట జారి కింద పడింది. "ఏవండీ... నాకు ఇంకో దారి కనిపించలేదండీ" అంటూ తడిగుడ్డ తెచ్చి ఆ వేలిని తుడవడం మొదలుపెట్టింది. సబ్బు పెట్టి రుద్దింది. గోరు సందుల్లో నీలం అలాగే ఉండిపోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అది నిద్ర కాదని ఆవిడకి తెలుసు.

చేతులు కడుక్కునే చోట కొళాయి విప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి పడింది. స్పీచ్ థెరపిస్టు. పాతికేళ్లు దాటినట్టుండే అమ్మాయి. వార్డులో అందరూ ఆమెని మాటల డాక్టరమ్మ అంటారు. ఆవిడ దాచకుండా అంతా చెప్పేసింది, ఇంకుప్యాడు సంగతితో సహా.

ఆ అమ్మాయి మందలించలేదు. "ఆంటీ, అంకుల్‌కి మాట రాకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. నిన్న నేను 'పళ్లు దువ్వెనతో తోముకుంటారా' అనడిగితే నవ్వొచ్చింది ఆయనకి. అర్థం కాకుండా నవ్వొస్తుందా?"

"మరి ఆ నోటరీకి చెప్పమ్మా!"

"నేను చెబితే సరిపోదు. ఆయనే చెప్పాలి. నోటితో కాకుండా చెప్పేలా చేద్దాం. ఎడమచెయ్యి బాగానే ఉందిగా. బొటనవేలు పైకెత్తితే అవును, కిందికి తిప్పితే కాదు."

వినడానికి ఎంత తేలికో, చేయడానికి అంత కష్టమైంది. ఈ జబ్బున్నవాళ్లకి అవును, కాదు తారుమారవుతాయట. అవుననుకుంటూ కాదని చూపిస్తారు. మొదట్లో అద్దాలాయన తన పేరుకి వేలు కిందికి తిప్పాడు. పక్క మంచం పెద్దాయన పేరుకి పైకెత్తాడు. తప్పు చేశానని వెంటనే తెలిసేది, మొహం ఎర్రబడేది, "రేపు! రేపు!" అని అరిచి బొమ్మల కార్డులు నేలకేసి కొట్టేవాడు. డాక్టరమ్మ వంగి ఏరుకుని మళ్లీ మొదలుపెట్టేది. ప్రతి ప్రశ్నా రెండువైపుల నుంచీ అడిగేది. మీరు అద్దాలు కోస్తారా? మీరు బస్సు నడుపుతారా? ఈవిడ మీ భార్యా? ఈవిడ మీ చెల్లెలా? రెండింటికీ సరిగ్గా చెబితేనే సరి.

భార్య తలుపు పక్కన నిలబడి, ప్రతి ప్రశ్నకీ ఆయన వేలివైపే చూసేది. క్యాలెండరు చూడ్డం మానేసింది. షెడ్డులో పనిచేసే ముసలాయన రోజూ ఫోన్ చేసి, "టైల్సాయన ఇవాళ కూడా వచ్చి టేపు పెట్టి గోడలు కొలుచుకుని పోయాడమ్మా" అని చెప్పేవాడు.

మరోపక్క సాక్షుల వేట. షెడ్డు ముసలాయన ఎగిరి గంతేసి వస్తానన్నాడు. కానీ ఆయన జీతం ఈ కాగితంతోనే ముడిపడి ఉంది, పనికిరాడు. నర్సులకి రూలు ఒప్పుకోదు. షాపు పక్క టైలరు, "దానికేం భాగ్యం చెల్లెమ్మా, నేనొస్తా" అన్నాడు. సాయంత్రానికి ఫోన్ చేసి నీళ్లు నమిలాడు. "మా ఇంటావిడ ఒప్పుకోవట్లేదమ్మా. సాక్షి సంతకమంటే జీవితాంతం కోర్టుల చుట్టూ తిరగాలంటోంది." ఇలా ఎక్కే గడపా దిగే గడపాగా ఆవిడ కాళ్లరిగిపోయాయి. చివరికి మనిషి పక్క మంచం దగ్గరే దొరికింది. ఆ పెద్దాయన కూతురు బస్సు కండక్టరు, ఖాకీ చొక్కాతోనే వచ్చి తండ్రికి అన్నం తినిపించి డ్యూటీకి పోతుంది. "రోజూ చూస్తూనే ఉన్నాగా అక్కా. నేను పెడతా. కోర్టు పిలిస్తే వెళ్తా, దాందేముంది? రోజూ నా బస్సులో జరిగే గొడవల కంటేనా?" అంది.

ఆ వారం చివరికి అద్దాలాయన వేలు తడబడటం మానేసింది. డాక్టరమ్మ తను చూసింది చూసినట్టు ఒక నివేదిక రాసిచ్చింది. ఆవిడ అది పట్టుకుని నోటరీ ఆఫీసుకెళ్లి, మెట్ల మీద కూర్చుంది. నోటరీ బయటికొచ్చే దాకా కదల్లేదు.

"ఒక్కసారి వస్తాను" అంది నోటరీ నివేదిక చదివి. "ఆయన చెప్పలేకపోతే ఇంక నన్ను అడక్కూడదు."

నోటరీ వచ్చిన రోజు లీజుకి ఆఖరిరోజు. ఆస్పత్రిలో చీటీలిచ్చే కిటికీ పక్కనున్న చిన్న గది అడిగి తీసుకున్నారు. ఆవిడా మరిదీ కలిసి ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కండక్టరు వచ్చింది. రెండో సాక్షి లేక ఆవిడ అల్లాడిపోతుంటే, టైలరు మెడలో టేపుతోనే ఆయాసపడుతూ వచ్చాడు. "మా ఇంటావిడకి గుండీలు కొనడానికెళ్తున్నానని చెప్పానమ్మా. కానీండి త్వరగా" అన్నాడు. ఆవిడకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

నోటరీ అద్దాలాయన చేతులు పరీక్షగా చూసింది. కుడిబొటనవేలి గోటిచుట్టూ నీలం ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇదేంటి?"

ఆవిడకి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన తననే చూస్తున్నాడని తెలిసి ఆగిపోయింది. "ఇంకు" అంది. "వేలిముద్ర వేయించుకుందామనుకున్నాను. వేయించుకోలేదు."

నోటరీ మొహంలో ఏ మార్పూ లేదు. "మీరు బయటికెళ్లండి. మీ మరిదిని కూడా తీసుకెళ్లండి. నేను పిలిచేదాకా తలుపు తీయొద్దు."

తలుపు మూసుకుంది. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. అయిపోయింది, తన చేతులారా తనే పాడుచేసుకుంది. లోపల నోటరీ గొంతు ఒక్కో అంశం చదువుతోంది. చదవడం, ఆగడం, అడగడం, మళ్లీ తిప్పి అడగడం. ఎంతసేపైందో తెలీదు. మరిది వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి, టీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

ఉన్నట్టుండి లోపలినుంచి అరుపు. "రేపు! రేపు!" దాంతోపాటే బల్లమీద అరచేత్తో దబదబా బాదుతున్న చప్పుడు.

మళ్లీ కార్డులు విసిరేస్తున్నాడు. మళ్లీ తారుమారైపోయింది. షెడ్డు పోయింది, అంతా పోయింది. ఆవిడ గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. నోటరీ బయటికొచ్చి, నేలమీదున్న ఆవిడని చూసి, తనే కాస్త వంగి మాట్లాడింది. "మీ ఆయన సంతకం పెట్టనంటున్నారు."

"అర్థం కాలేదమ్మా ఆయనకి... కాస్త ఆగి మళ్లీ..."

"బాగా అర్థమైంది. అందుకే పెట్టనంటున్నారు. ఆరో అంశం దాకా వేలు పైకే ఎత్తారు. ఏడోది చదివేసరికి కిందికి తిప్పారు. నేను పరీక్షకని ఎనిమిది, తొమ్మిది చదివి మళ్లీ ఏడుకొచ్చాను. మళ్లీ కిందికే. ఇంకోలా మార్చి, 'మెషిన్లు అమ్మొద్దంటారా' అనడిగితే పైకి. మూడోసారి అడిగేసరికి నాకే వినబడదనుకుని బల్ల బాదారు." నోటరీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సంతకాలు చేయించుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. మంచి చెవి, మంచి నోరు ఉన్నవాళ్లే ఏడో అంశం దాకా వినరు. ఇంక ఈయన తెలివి మీద నాకే అనుమానమూ లేదు."

ఆవిడకి సంతోషం రావలసిన చోట ఇంకేదో వచ్చి గుచ్చుకుంది. "నా మీద నమ్మకం లేదన్నమాట" అంది.

"'మీ భార్యని కాకుండా ఇంకెవరినైనా పెట్టాలా' అని కూడా అడిగాను. వేలు కిందికే. అమ్మకం ఎందుకొద్దో అడగడం నా పని కాదు, అడగలేదు. అది మీరూ మీరూ చూసుకోండి. ముందు ఏడో అంశం తీసేసి కొత్తగా ప్రింటు తెండి. కొట్టివేతలున్న కాగితం మీద నేను సీలు వెయ్యను. ఐదింటికి నేను వెళ్లాలి."

"నాకూ డ్యూటీ ఉందక్కా" అంది లోపల్నించి కండక్టరు. "డిపోకి ఫోన్ చేసి కాస్త ఆలస్యమవుతుందని చెప్తా. నువ్వు పరిగెత్తు."

పరిగెత్తింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, మెట్లు ఎలా దిగిందో తెలీదు. లాయరుకి ఫోన్ చేస్తే కోర్టు హాల్లో ఉన్నాడు, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ. ఆస్పత్రి ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో నిలబడి, చేస్తూనే ఉంది. లాయరు ఎత్తి, గుసగుసగా "పంపిస్తా" అన్నాడు. పంపేసరికి జెరాక్స్ షాపువాడి మెషిన్లో కాగితం ఇరుక్కుపోయింది. వాడు తాపీగా మూత తెరిచి, లోపల చెయ్యిపెట్టి, "ఇదెప్పుడూ ఇంతేనండీ" అన్నాడు. ఆవిడ ఆ మెషిన్ని రెండుచేతులా పట్టుకుని ఊపేసింది. వాడు భయపడి పక్కనున్న ఇంకో ప్రింటరులో తీసిచ్చాడు.

కొత్త కాగితం మళ్లీ మొదట్నించీ చదివింది నోటరీ. ఈసారి తలుపు తెరిచే ఉంచింది, కానీ ఆవిడని గడప దాటనివ్వలేదు. "చూడొచ్చు. సైగ చెయ్యకూడదు, మాట్లాడకూడదు. ఎవరూ ఆయన చెయ్యి పట్టుకోకూడదు."

ఒక్కో అంశానికీ ఎడమబొటనవేలు లేచింది. సంతకం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఎడమచేతి వేళ్ల మధ్య ఎలా పట్టుకోవాలో ఆయనకి తెలీలేదు. ఒకసారి జారింది. రెండోసారి కాగితాన్ని చీల్చబోయింది. గడప ఇవతల ఆవిడ చెయ్యి తనకి తెలీకుండానే ముందుకొచ్చింది, నోటరీ తలెత్తి చూసేసరికి వెనక్కి తీసుకుంది. ఎన్నేళ్లుగా చూస్తోంది ఆ సంతకం, గాలిపటం తోకలా మెలికలు తిరిగి పోయేది! ఇప్పుడు పలక మీద పిల్లవాడు దిద్దినట్టు ఒక్క అక్షరం, దాని పక్కన వంకర గీత. నుదుటిమీద చెమట పట్టింది ఆయనకి. పెన్ను కింద పెట్టి, వేలు పైకెత్తాడు.

టైలరు ముక్కు చీదుకుని సంతకం పెట్టాడు. కండక్టరు పెట్టింది. ఎడమచేత్తో గుర్తు పెట్టారని, మాట లేనందున సైగలతో సమ్మతి చెప్పారని, అంతా తన ముందే జరిగిందని నోటరీ రాసి, సీలు వేసింది.

షెడ్డు ఓనరు ఇంట్లో దీపాలు వెలిగే వేళకి ఆవిడ అక్కడికి చేరింది. కాగితం ముందూ వెనకా తిప్పి తిప్పి చూశాడాయన. టైల్సు వ్యాపారి హాల్లోనే కూర్చుని ఉన్నాడు, బయానా సంచితో సహా. ఓనరు ఆయన వైపు చూసి, ఆవిడ వైపు చూసి, "తేదీ దాటలేదు కదా" అని గొణిగి, లీజు కాగితం తీశాడు. ఆవిడ మొగుడి పేరు రాసి, 'తరఫున' అని రాసి, కింద తన పేరు పెట్టింది. ఆ మాట రాస్తుంటే చేతికి కొత్తగా అనిపించింది.

మర్నాడు మాటల డాక్టరమ్మ వెళ్లాక, మంచం పక్కన కూర్చుని అడిగింది. "ఇంకుప్యాడు చూసి కోపమొచ్చి వద్దన్నారా?"

వేలు కిందికి.

"నేను అమ్మి తినేస్తాననా?"

వేలు కిందికి, ఇంకాస్త గట్టిగా.

"మరి?"

దానికి వేలితో చెప్పే జవాబు లేదు. ఆయన ఎడమచేత్తో తన పడిపోయిన కుడిచేతిని పట్టుకుని, కష్టపడి ఎత్తి, దుప్పటి మీద పెట్టి, అద్దం మీద కట్టరు లాగినట్టు ఒక నిలువు గీత గీయబోయాడు. చెయ్యి సగంలో పడిపోయింది. మళ్లీ ఎత్తాడు. ఆవిడకి అర్థమైంది. ఈ మనిషి తిరిగి పనిలోకి వస్తాననుకుంటున్నాడు. రాలేడని డాక్టరు వరండాలో తనకి చెప్పిన సంగతి ఈయనకి తెలీదు. తెలిసినా ఒప్పుకోడేమో.

"అంతవరకూ ఎవరు నడపాలండీ అది? నాకు గాజంటే గాజు అని తెలుసు, అంతేగా!" అని నిలదీసింది. గొంతు పెద్దదైంది, పక్క మంచం పెద్దాయన తిరిగి చూశాడు. "అమ్ముకునే దారి మూసేసి, నడుపుకునే దారొక్కటీ నా మెడకి తగిలించారు మీరు!"

అద్దాలాయన బొటనవేలు మెల్లగా పైకి లేచింది. ఆవిడకి ఆ వేలిని విరిచేద్దామన్నంత కోపమొచ్చింది. విరవలేదు గానీ, ఆ పూట అన్నం మాత్రం నర్సు చేత తినిపించింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తించింది. ముసలాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ఒక హోటలు వాళ్లు ఇచ్చిన అద్దాల ఆర్డరు ఆయన పడిపోయిన రోజు నుంచీ సగంలో ఆగి ఉంది. మిగిలిన పలకలు ఎంత మందంలో తెప్పించాలని ముసలాయన అడిగాడు. ఆవిడకి తెలీదు. తెలీదనే చెప్పింది. పైటచెంగు నడుముకి బిగించి, గోడకి ఆనించి ఉన్న పలకల ముందుకెళ్లి, "ఇది ఎంత మందమో, ఎలా చూడాలో ముందు నాకు చెప్పు" అంది.